ఆవగింజల కడియం

చేతి గడియారాలు మన అడుగులు లెక్కపెట్టని ఆ పాతరోజుల్లో, గంధవరం దొర జగ్గభూపతి కాలికి వైద్యుడొక వెండి కడియం తొడిగాడు. అడుగు వేసినప్పుడల్లా అందులో ఒక ఆవగింజ పై అరలోంచి కింది అరలోకి జారుతుంది.

"రోజూ సాయంత్రానికి పై అర ఖాళీ కావాలి. లేకపోతే మీ గుండెకి నేను పూచీ కాదు," అన్నాడు వైద్యుడు.

దొర ఆ కడియాన్ని పల్లకీ మోసే పైడయ్య కాలికి తగిలించి, తాను పల్లకీలో పడుకున్నాడు. రోజూ ఆవాలు జారాయి. దొరకి ఆయాసం మాత్రం పెరిగింది.

ఒకరోజు మధ్యాహ్నం భోజనం వేళకే పైడయ్య కడియం తెచ్చి చూపించాడు. పై అరలో ఒక్క గింజ లేదు.

"అప్పుడే ఎలా అయిందిరా?"

"తెల్లారగట్ల గానుగెద్దు కాలికి కట్టాను, దొరా."

"ఎద్దు నడిస్తే నాకేం ఒరుగుతుందిరా, వెధవా!"

"ఇన్నాళ్లూ నేను నడిస్తే ఒరిగినంతే, దొరా."

పైడయ్య గొంతు తగ్గించాడు.

"చిన్నప్పుడు ముంజలకని తాటితోపుకి నాకంటే ముందు పరిగెత్తేవారు మీరు. పల్లకీ ఎక్కాక మీ అడుగుల చప్పుడే వినలేదు నేను."

దొర తన కాళ్ల వంక చూసుకున్నాడు.

"ఆ తోపు ఇంకా ఉందిట్రా?"

"ఉంది దొరా. ఇప్పుడు ముంజల కాలమే."

దొర చెప్పులు తొడుక్కున్నాడు. పైడయ్య కడియం అందించబోయాడు.

"దాన్ని ఎద్దుకే ఉంచరా. తోపెంత దూరమో నా కాళ్లకి తెలుసు."