జప్తు బాతులు

ఏ రాజ్యమో ఎవడికి గుర్తుంది గానీ, అక్కడ బాతులు మేపుకునే సింగారి అని ఒకావిడ ఉండేది. కామందు గవర్రాజుకి బాకీ పడింది. "వారం వారం గుడ్లిచ్చి తీర్చేస్తా బాబూ" అంటే వింటేగా! న్యాయాధికారి దగ్గర తీర్పు తెచ్చుకుని మంద మొత్తం జప్తు చేయించేశాడు. వేలంలో తనే చవగ్గా కొట్టేద్దామని ప్లాన్.

బంట్రోతు వచ్చి బాతుల తలలకి సున్నం బొట్లు పెట్టి దండోరా వేశాడు. "వేలం దాకా సింగారి వీటిని ముట్టుకున్నా, అదిలించినా, పిలిచినా కొరడా దెబ్బలే!"

బాతులు పోతే సింగారికి కూడు లేదు. అయినా గట్టు మీద చేతులు కట్టుకుని కూర్చుంది.

మధ్యాహ్నానికి ఆకలేసిన బాతులు వరసకట్టి తిన్నగా గవర్రాజు నారుమడిలోకే దిగాయి. ఆయన పంచె ఎగ్గట్టి పరిగెత్తుకొచ్చాడు. ఎంత తరిమినా అటూ ఇటూ ఉరుకుతాయి గానీ బయటికి రావే! సింగారి కేకకి తప్ప ఎవరికీ లొంగవవి.

"ఒసేయ్, పిలవవే!"

"అమ్మో, కొరడా దెబ్బలెవరు తింటారు బాబూ? దండోరా వేయించింది తమరేగా!"

"నా నారంతా పోతోందే!"

"కాస్త మెల్లగా తరమండి. ఒక్కటి చచ్చినా వేలంలో మీకే నష్టం."

గవర్రాజు ఒంటినిండా బురదతోనే న్యాయాధికారి దగ్గరికి లగెత్తాడు. "జప్తు ఎత్తేయండి మహాప్రభో! బాకీ గుడ్లతోనే తీర్చమనండి!"

ఆయన సరేనన్నాడు. సింగారి ఒక్క కేకేసింది. బాతులన్నీ బుద్ధిగా గట్టెక్కేశాయి.

"ఈ వారం గుడ్లు కాస్త పెద్దవే వస్తాయి బాబూ," అంది వెళ్తూ వెళ్తూ. "మేత మీదేగా!"