కేశనమంత్రి తిన్న చద్దన్నం

పైడిగుట్ట ప్రభువు ఎఱ్ఱభూపతికి నాలుక చవి చచ్చింది. నలభై రకాలు వండి వడ్డించినా ఒక్కటీ గొంతు దిగడం లేదు. ఒకనాడు నిండు సభలో విసుగ్గా కూర్చుని, ఉన్నట్టుండి అన్నాడు.

"చిన్నప్పుడు మీ అమ్మలు పెట్టిన తిండి గురించి చెప్పండి. మామూలు తిండే కావాలి. ఎవరి మాట వింటే నాకు ఆకలి పుడుతుందో వాళ్ళకి వంటశాల పెత్తనం ఇస్తాను. ఒక్కటే షరతు. ఇంకొకరి అమ్మ జ్ఞాపకాన్ని అబద్ధమన్నవాణ్ణి పొలిమేర దాటిస్తాను."

ఆ చివరి మాటతో సభకి ప్రాణం లేచొచ్చింది. అబద్ధాలకి రాజముద్ర పడ్డాక ఇంకేం కావాలి? నిన్నటిదాకా నెయ్యి కారితే తప్ప ముద్ద ముట్టనివాళ్ళంతా ఒక్క గడియలో నిరుపేద బిడ్డలైపోయారు. సేనాపతి జొన్నసంకటిని తలుచుకుని ముక్కు చీదాడు. ఆయన ఉయ్యాలకి వెండి గొలుసులు వేశారని ఊరంతా ఎరుగును. కోశాధికారి గంజి తాగి పెరిగానన్నాడు. ఆయన గంజిని చూసింది చాకలి తెచ్చిన పంచెల మీదే.

సింహాసనం వెనక తమలపాకుల పళ్ళెం పట్టుకుని నిలబడ్డ గవరయ్యకి ఒళ్ళు మండిపోతోంది. ఆకులు చుట్టి రాజుగారికి అందించడం అతని పని. మాట్లాడడం అతని పని కాదు.

అప్పుడు కేశనమంత్రి లేచాడు. పదిహేను రోజుల కిందట ఈ మహానుభావుడే పనివాళ్ళ పెరట్లోంచి వెళ్తూ పట్టు ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఏమిటీ కంపు?" అని చద్ది కుండలన్నీ బోర్లించి, మళ్ళీ పెట్టొద్దన్నాడు. అరవైమంది పనివాళ్ళు ఆనాటినుంచి మధ్యాహ్నం దాకా ఖాళీ కడుపులతో చాకిరీ చేస్తున్నారు. వంటమనిషి సోములమ్మ దాచిన కుండ ఒక్కటే మిగిలింది. వంటశాల పెత్తనం ఈయన చేతికొస్తే అదీ పోతుంది.

కేశనమంత్రి గొంతు సవరించుకున్నాడు.

"ప్రభూ, నేను చద్దన్నం తిని పెరిగాను. మా అమ్మ తెల్లవారుజామునే లేచి, తలస్నానం చేసి, మడితో పొయ్యి రాజేసి నా కోసం చద్దన్నం వండేది. పొగలు కక్కుతూ ఉండేది. ఆ తల్లి ఒక్కొక్క ముద్దా ఉఫ్ ఉఫ్ మని ఊది నా నోట్లో పెట్టేది. ఆ వేడి ఇప్పటికీ నా నాలుక మీద ఉంది."

సభ కళ్ళు తుడుచుకుంది. ఒక్కడికైనా అనుమానం రాలేదు. చద్దన్నం మొహం చూసినవాడు ఆ ఆసనాల మీద ఉంటే కదా. పాపం, రాజుగారికీ తెలియదు. ఆయన కళ్ళూ చెమర్చాయి.

పెత్తనం మంత్రి చేతికి పోతోంది. అబద్ధమంటే పొలిమేర దాటాలి. గవరయ్య పళ్ళెం కింద పెట్టి చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, మంత్రిగారిని ఒక్క సందేహం అడగొచ్చా?"

"ఆకులు చుట్టేవాడికి సందేహాలు కూడానా?" అన్నాడు కేశనమంత్రి.

"అడగనివ్వండి" అన్నాడు రాజు.

"అయ్యగారూ, ఆ చద్దన్నం చల్లారాక తినకూడదాండీ?"

"చల్లారితే అది చద్దన్నం ఎలా అవుతుందిరా? వేడిలోనే ఉంది దాని రుచంతా."

"మరి మిగిలిపోతేనో?"

"మిగిలింది మేమెందుకు తింటాం? మా అమ్మ కుక్కలకి వేసేసేది."

వాకిట్లో ద్వారపాలకుడు కిసుక్కున నవ్వాడు. వింజామరలు వీచేవాళ్ళ చేతులు ఆగిపోయాయి. దీపాలు తుడిచే ముసలాయన పైగుడ్డ నోట్లో కుక్కుకున్నాడు. రాజుగారికి కోపం వచ్చింది.

"తల్లి మాట చెప్తుంటే నవ్వుతారా? గవరయ్యా, నువ్వూ అబద్ధమంటావా?"

"ఎంత మాట ప్రభూ. ఆ తల్లికి దణ్ణం పెడుతున్నాను. లోకంలో అందరమ్మలూ రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి ఉంచుతారు. తెల్లారేసరికి అది పులిసి చద్దన్నమవుతుంది. పొద్దున్నే పొయ్యి మీద పెట్టి వండితే వచ్చేది వట్టి అన్నం. మంత్రిగారి అమ్మగారి మహిమే వేరు. నిన్నటిని ఇవాళ వండగలిగిన తల్లి ఆవిడొక్కతే."

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వాడు. కేశనమంత్రి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నీకెవరు పెట్టారు చద్దన్నం?" అన్నాడు రాజు, నవ్వు ఆపుకుంటూ.

"మా అమ్మ ప్రభూ. కోతలకి పోతూ అందులో మజ్జిగ పోసి, ఉల్లిపాయ గుప్పిటతో గుద్ది పెద్ద ముక్క నాకు పెట్టేది. తను ఆ పులిసిన నీళ్ళే తాగి వెళ్ళేదని పెద్దయ్యాక తెలిసింది. మా ఇంట్లో కుక్కకి ఏనాడూ వెయ్యలేదండీ. మిగిలితే కదా."

సభలో ఈసారి ఎవరూ ముక్కు చీదలేదు. రాజుగారు మెల్లగా పొట్ట తడుముకున్నాడు.

"నాకు ఆకలేస్తోంది."

సోములమ్మ దాచిన కుండ సభలోకి వచ్చింది. రాజుగారు ఉల్లిపాయ కొరుక్కుంటూ రెండు మూకుళ్ళు ఖాళీ చేశాడు. వంటశాల పెత్తనం గవరయ్యకిచ్చి, మర్నాటినుంచి పెరట్లో కుండలన్నీ నింపమన్నాడు. తర్వాత మూడో మూకుడు మంత్రి ముందుకి తోయించాడు.

"రోజూ పొద్దున్నే పనివాళ్ళ పక్కన కూర్చుని తినండి మంత్రీ. మీ అమ్మగారి గుర్తుగా."

కేశనమంత్రి చెయ్యి అలవాటుగా ఉత్తరీయం మీదికి పోయింది. దాన్ని ముక్కు దాకా తెచ్చేలోపు గవరయ్య వినయంగా వంగి అన్నాడు.

"ఊదుకోనక్కర్లేదు అయ్యగారూ, చల్లగానే ఉంది."