అత్త మోకాళ్ళూ, ఆగిన కబుర్లూ

బొబ్బిలిలో తెలివిగలవాళ్ళెవరని అడిగితే అందరూ మా ఇల్లే చూపిస్తారు. చూపించి నవ్వుతారు కూడా. అది అసూయ అని మా నాన్న చెప్పాడు.

ఓసారి మా మేనత్త పైడమ్మకి మోకాళ్ళు గుమ్మడికాయల్లా వాచాయి. నాన్న, గవర్రాజు బాబాయి, నేను ఆవిణ్ణి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం.

"మన ఒంట్లో రోగాలతో పోరాడే కణాలుంటాయి. వాటికి కబుర్లు మోసేవి కొన్ని ప్రోటీన్లు" అంది డాక్టరమ్మ. "శత్రువు లేకపోయినా 'కొట్టండి, కొట్టండి' అని కబురు పోతోంది. అవి ఈవిడ కీళ్ళనే కొడుతున్నాయి. ఆ కబుర్లు ఆగాలి. అందుకే ఈ మాత్రలు. ఒత్తిడి ఉంటే కబుర్లు ఇంకా పెరుగుతాయి, జాగ్రత్త."

అంతే. మాకు అర్థమైపోయింది.

అత్తకి కబుర్లంటే ప్రాణం. ఇంటికి రాగానే నాన్న వీధి తలుపు మూసేశాడు. పక్కింటి ఆదెమ్మ "వదినా!" అని పిలిస్తే, "మోకాళ్ళు వింటాయి, వెళ్ళమ్మా" అన్నాడు బాబాయి.

తర్వాత ఒత్తిడి. రోజూ అత్త కాళ్ళు ఒత్తేవాణ్ణి, మానేశాను. దిండు ఒత్తుతుందని తీసేశాం. మంచం ఒత్తుతుందని లేపేశాం. కుర్చీ కూడా ఒత్తుతుందని బాబాయికి తట్టింది. ఇంకేముంది, నిలబెట్టేశాం.

"నిలబడితే నేల ఒత్తదేట్రా?" అని అత్త ఏడ్చింది.

నిజమే! మాకు తట్టనే లేదు. ముగ్గురం కలిసి ఆవిణ్ణి గాల్లోకి ఎత్తి పట్టుకున్నాం. పావుగంటకి నాన్న పట్టు జారింది. అత్త బాబాయి మీద పడింది, బాబాయి నా మీద పడ్డాడు.

మర్నాటికి వాపు రెట్టింపైంది. అత్త గోడకేసి చూస్తూ ఉండిపోయింది. అన్నం ముట్టలేదు. నాకు భయం వేసి ఆటో పిలిచాను.

డాక్టరమ్మ అంతా విని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఒత్తిడంటే మనసులో దిగులు నాయనా. అది పెట్టింది మీరే. ఆగాల్సింది ఒంట్లో కబుర్లు, నోట్లోవి కాదు. ఆవిణ్ణి మాట్లాడనివ్వండి."

అత్త అక్కడే మొదలెట్టింది. గంటసేపు మమ్మల్ని తిట్టింది. బయట కూచున్న రోగులు లోపలికొచ్చి మరీ విన్నారు.

మాత్రలు వేళకి మింగి, ఆదెమ్మతో కబుర్లాడుతూ ఉంటే నెలకి వాపు సగం తగ్గింది. డాక్టరమ్మ సంతోషించి ఓ ట్యూబు ఇచ్చింది. "రోజుకి మూడుసార్లు మోకాలికి ఈ మందు రాయండి."

ఈసారి తప్పు జరగనివ్వలేదు. దస్తూరీ నాది బాగుంటుందని నాన్న పెన్ను నాకే ఇచ్చాడు. పూటపూటా అత్త మోకాలి మీద "ఈ మందు", "ఈ మందు" అని గుండ్రంగా రాశాను. నాలుగో రోజుకి మోకాలు నిండిపోయింది.

"పేజీ తిప్పరా" అంటూ అత్త రెండో కాలు చాపింది.