ఉప్పుగుంటకు రెండు బిందెలు

పూర్ణబోధ స్వామివారికి ఒక అలవాటుండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కారు, పని చెప్పేవారు. మాయ అంటే ఏమిటని అడిగిన ఒక పెద్ద వకీలుగారికి గోశాలలో పేడ ఎత్తే పని తగిలింది. ఆయన మళ్లీ మాయ ఊసెత్తలేదు. అందుకే నల్లమల అంచునున్న ఆ ఆశ్రమంలో ప్రశ్నలు తక్కువ, పనులు ఎక్కువ. నవ్వకండి. మనకూ అలాంటి గురువు దొరికితే సగం సందేహాలు ఇంటిదగ్గరే తీరిపోతాయి.

అక్కడ హైమావతమ్మ అని ఒకావిడ ఉండేది. కర్నూలులో పెళ్లిపత్రికలూ కరపత్రాలూ టైపు చేసీ చేసీ, నలభై దాటాక స్వామివారిని ఆశ్రయించింది. స్వామివారి గురువుగారైన పెద్దస్వామివారు తాటాకుల మీద రాసిన వ్యాఖ్యానాన్ని తొమ్మిదేళ్లుగా కంప్యూటర్‌లోకి ఎక్కిస్తోంది. ఎక్కించిన ఆకు ఎక్కించినట్టే పొడైపోయేది; చెదలు ఆవిడకంటే ముందే చదివేశాయి మరి.

మాఘమాసంలో ఒకనాడు పొద్దున్నే ఆవిడ స్వామివారి ఎదుట కూర్చుని కళ్లు ఒత్తుకుంది.

"స్వామీ, మీరిచ్చిన మంత్రం ఇన్నేళ్లుగా జపిస్తున్నాను. ఏమీ జరగలేదు. ఎందుకు చేస్తున్నట్టు?"

స్వామివారు, "కంప్యూటర్ గది వెనకాల ఇటికల గుంట ఉంది చూడు తల్లీ. రోజూ రెండు బిందెలు నీళ్లు పొయ్యి" అన్నారు.

పోసింది. గుంటలో మొక్క లేదు, విత్తనం లేదు. నడుమ ఒక తుప్పుపట్టిన గొట్టం తల బయటపెట్టి ఉంది, అంతే. పోసిన నీళ్లు గుటుక్కున మింగి మళ్లీ పొడిగా చూసేది. పక్కనే కనకాంబరాలు వాడిపోతుంటే ఈ గొట్టానికి నీళ్లేమిటో ఆవిడకు అంతుపట్టలేదు. పది రోజులు చూసి, వంటామె రాఘవమ్మను అడిగింది.

"అందులో ఏముందో నాకేం తెలుసక్కా. నా వంటింట్లోంచి రెండు బస్తాల ఉప్పు మోసుకుపోయి పోశారు. బొగ్గులు కూడా. వారం రోజులు చప్పిడికూడు వండి అందరిచేతా తిట్లు తిన్నా."

ఉప్పు అనేసరికి హైమావతమ్మ చేతులు జోడించింది. మీకు తెలియనిది కాదు, యతులు దేహం చాలిస్తే ఉప్పు పోసి సమాధి చేస్తారు. ఇది పెద్దస్వామివారి సమాధే అయుండాలి. తొమ్మిదేళ్లుగా ఎవరి మాటలు టైపు చేస్తోందో ఆయన గోడకవతలే ఉన్నారన్నమాట. మర్నాటి నుంచి బిందెతో పాటు విభూతి వచ్చింది, దీపం వచ్చింది, మూడు ప్రదక్షిణలు వచ్చాయి. ఆవిణ్ణి చూసి మరో నలుగురు తిరగడం మొదలుపెట్టారు. ఎవరో ముసలమ్మ గొట్టానికి ముడుపు కూడా కట్టింది. స్వామివారు అటుగా వెళుతూ ముడుపును చూశారు. గుంట తడి చూసుకుని వెళ్లిపోయారు.

వైశాఖంలో, నకళ్లు దాచుకునే చిన్న డిస్కు పనిచేయడం మానేసింది. ఎలక్ట్రీషియన్ మస్తాన్ వచ్చి దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"ఇది పోయిందమ్మా. కొత్తది కర్నూలు నుంచి తెప్పిస్తా, వారం పడుతుంది. అందాకా మీ పుస్తకమంతా ఆ కంప్యూటర్ పెట్టెలోనే ఉంటాది, ఇంకెక్కడా లేదు. జాగ్రత్త." అని బయటికి వచ్చి, గుంట దగ్గర నిలబడిపోయాడు. "ఈ విభూతి ఎవరికమ్మా?"

"పెద్దస్వామివారి సమాధి కాదూ?"

మస్తాన్ నవ్వాపుకోలేక గోడ పట్టుకున్నాడు. "నేనే తవ్వినానమ్మా దీన్ని. ఇది మీ కంప్యూటర్‌కి ఎర్తింగు. కరెంటు ఉప్పొంగినా, పిడుగు పోటు తీగెంబడి వచ్చినా, ఈ గొట్టంలోంచి భూమిలోకి దిగిపోవాల. ఉప్పూ బొగ్గూ తడి నిలవడానికి. తడి లేకుంటే దిగదు."

ఆవిడ మొహం చెల్లక స్వామివారి దగ్గరికి వెళ్లింది.

"ఇన్నాళ్లూ నేను ఎవరికి మొక్కాను స్వామీ?"

"ఈవేళ నీళ్లు పోశావా?"

"లేదు."

"ఎండ ముదురుతోంది" అన్నారాయన.

ఆనాటి నుంచి విభూతి పోయింది, దీపం పోయింది, బిందె బరువు మాత్రం రెండింతలైంది. కరెంటు గొట్టానికి నీళ్లు పోయడానికా సన్యసించింది? ఒక పొద్దున బిందెను కనకాంబరాల మీదికి వంచబోయింది. తీరా చూస్తే చేయి అలవాటుకొద్దీ గుంటలోనే పోసేసింది. విసుక్కుంటూ మొక్కలకోసం మూడో బిందె తెచ్చుకుంది.

కొత్త డిస్కు ఇంకా రాలేదు. ఐదో రోజు మధ్యాహ్నం ఆవిడ టైపు చేస్తుండగా ఆకాశం కమ్ముకొచ్చింది. ప్లగ్గు పీకుదామని లేచింది. రెండడుగులు వేసిందో లేదో మెరుపూ ఉరుమూ ఒక్కసారే వచ్చాయి. ట్యూబులైటు పగిలింది. బల్లకిందున్న ప్లగ్గుల పెట్టె టప్పుమని, కాలిన వాసన వేసింది. కంప్యూటర్ తెర నల్లబడిపోయింది. తొమ్మిదేళ్లు. ఆకులు పొడి, డిస్కు లేదు. జపం చేద్దామంటే, ఇన్నేళ్ల మంత్రంలో ఒక్క అక్షరం నోటికి రాలేదు ఆ తల్లికి.

మర్నాడు మస్తాన్ వచ్చాడు. ఊళ్లో బడిలో రెండు కంప్యూటర్లు, పాలకేంద్రంలో ఒకటి మాడిపోయాయని చెబుతూనే బల్లకిందికి దూరాడు. "సర్జు, అంటే ఉప్పొంగే కరెంటును, పట్టుకునే పెట్టె ఇది. పాపం, తను పోయింది. గుంట తడిగా ఉండబట్టి మిగతాది కిందికి దిగినట్టుంది. చూద్దాం." కొత్త పెట్టె తగిలించి, మీట ఆవిడనే నొక్కమన్నాడు. ఆవిడ కళ్లు మూసుకుని నొక్కింది. కంప్యూటర్ గుర్రుమంది. వ్యాఖ్యానం తెరుచుకుంది. నిన్నటి ఆఖరి వాక్యం సగం లేదు. అంతకుముందుదంతా అక్షరం చెదరకుండా ఉంది.

ఆవిడ స్వామివారి దగ్గరికి పరుగెత్తింది. కానీ ఆ పరుగులోనే మరో చిక్కు పడింది.

"స్వామీ, గురువుగారని నమ్మి పోసిన నీళ్లు తప్పు చిరునామాకు పోయాయి. తెలిసి పోసినవి తిట్టుకుంటూ పోశాను. ఏ నీళ్లు కాపాడినట్టు?"

"అది తరవాత. ముందు ఇది చెప్పు. పుస్తకానికి ఏం జరిగింది?"

"ఏమీ జరగలేదు స్వామీ." అంటుంటేనే ఆవిడకు నవ్వు వచ్చేసింది, ఆపుకున్నా ఆగలేదు.



"మాఘమాసంలో ఈ మాటే ఏడుస్తూ చెప్పావు తల్లీ."