తూనీగమ్మకు తొలి బిందె నీళ్ళు

రండర్రా, ఇలా నీడలోకి జరిగి కూర్చోండి. వెనకున్నవాళ్ళు ముందుకు రండి. ఈ స్థల మాహాత్మ్యం గొంతు చించుకుని చెప్పేది కాదు.

శ్రీకాకుళం వైపు, చిట్టిగెడ్డ అనే వాగు ఒడ్డున గరువువలస అని ఒక పల్లె ఉంది. అక్కడ నాలుగు రాతి స్తంభాలు, పైన రేకు కప్పు, దాని కింద శ్రీ తూనీగమ్మ తల్లి కొలువై ఉన్నారు. అమ్మవారికి ముఖం లేదు, చేతులు లేవు. ఒక పెద్ద ఇనుప చక్రం, ఒక పొగగొట్టం, నెత్తిన చదరపు తొట్టి, పక్కన ఇనుములోనే పోతపోసిన తూనీగ బొమ్మ. కొత్తగా వచ్చిన భక్తులు ఎక్కడ దండం పెట్టాలో తెలియక కాసేపు తికమకపడతారు. పడితే తప్పేమీ లేదు. మొట్టమొదట దండం పెట్టినవాడూ అలాగే పడ్డాడు.

పూర్వం అక్కడ కూర్మినాయుడనే రైతు ఉండేవాడు. ఆ ఏడు రెండు వానలు కురిసి, తర్వాత మబ్బు మొహం చాటేసింది. ఆకుమళ్ళలో నారు ముదిరిపోతోంది. గెడ్డ మడుగులో నీళ్ళున్నాయి గాని, పొలాలకు రెండు నిలువుల కింద ఉన్నాయి. ఊరివాళ్ళు మూటలు కట్టి ఖరగ్‌పూర్ కూలికి బయలుదేరబోతుంటే కూర్మినాయుడు అడ్డంపడ్డాడు.

"పది రోజులాగండి. పంచాయతీ సమితోళ్ళు నీరు తోడే జపాను ఇంజను ఇస్తామన్నారు. నీరు గట్టెక్కకపోతే మీ అందరికన్నా ముందు నా మూటే రైలెక్కుతాది" అని మాట ఇచ్చాడు.

ఎనిమిదో రోజున ఎడ్లబండి మీద పెట్టె వచ్చింది. తెచ్చినవాడు డీజిలు ఎక్కడ పొయ్యాలో, హ్యాండిలు ఎలా తిప్పాలో చూపించి, మిగతాది వారానికి మెకానిక్ వచ్చి చెబుతాడని వెళ్ళిపోయాడు. పెట్టెలో ఒక కాగితముంది. దాని నిండా ఎవరికీ తెలియని అక్షరాలు, మధ్యన ఒక బొమ్మ. ఎవరిదో చెయ్యి ఇంజను నెత్తిన ఉన్న తొట్టిలో పాత్రతో ఏదో పోస్తోంది. ఏం పోస్తోందో మాత్రం తెలియడం లేదు.

"ఏటి పోస్తన్నట్టు జోగన్నా?" అని కూర్మినాయుడు కమ్మరి జోగాచారిని అడిగాడు.

"ఇనుము నెత్తిన ఏటి పోస్తార్రా? నూనె! ముప్పై ఏళ్ళై నాగలి కర్రులు సాగదీస్తన్నాను. నీళ్ళు పోసి తల్లికి తుప్పట్టిస్తావా?"

"తల్లేటి?"

"మరి నెత్తిన అభిషేకం చేయించుకుంటంది గదరా!"

ఇంటికి ఇంత చొప్పున ఆముదం పోగుచేసి తొట్టి నింపారు. హ్యాండిలు తిప్పితే ఇంజను డుబుడుబుమంది. నీళ్ళు గట్టెక్కాయి, పిల్లలు కేకలు వేశారు. అరగంట గడిచిందో లేదో మాడిన ఆముదపు కంపు, నల్లటి పొగ, ఆపైన ఒక మూలుగు. చక్రం బిగుసుకుపోయింది.

"ఓరి కూర్మీ, మూట కట్టీసుకో. సాయంకాలం బండి ఉన్నాది" అన్నారెవరో గుంపులోంచి.

మిట్టమధ్యాహ్నం అందరూ వెళ్ళిపోయాక కూర్మినాయుడు ఇంజను పక్కనే తల పట్టుకు కూర్చుని, అలాగే కునుకు తీశాడు. స్వప్నంలో ఒక ముసలమ్మ సాక్షాత్కరించింది. ఆమెకు అద్దాల్లాంటి నాలుగు రెక్కలున్నాయి. తూర్పు సముద్రానికి అవతల ఒక రైతుబిడ్డ ఉండేవాడనీ, నీళ్ళు తోడి తోడి తన వాళ్ళ నడుములు వంగిపోవడం చూశాడనీ ఆమె చెప్పింది. పడమటి దేశాల్లో ఇల్లంత ఇంజను ఉందని విని, దాన్ని ఎడ్లబండి మోయగలిగేంత చిన్నదిగా చేయాలని అతడు ఏళ్ళ తరబడి తపస్సు చేశాడట. ఒకటి పగిలింది, ఒకటి మొరాయించింది, చివరికొకటి నడిచింది. తూనీగలు గుంపుగా ఎగిరిన ఏడు పంటకు లోటుండదని నమ్మి ఆ బొమ్మను దాని ఒంటి మీద పోతపోయించాడట. తర్వాత దున్నే యంత్రాలు, నాటే యంత్రాలు, కోసే యంత్రాలు ఆ కార్ఖానాలోనే పుట్టాయట.

"ఓడెక్కి ఇంత దూరం వచ్చాను. దాహం నాయనా" అని ముసలమ్మ మాయమైంది.

కూర్మినాయుడు ఉలిక్కిపడి లేచాడు. దాహం ఎవరికి? అమ్మవారికా, ఇంజనుకా? నాలుక తడారి ఉంది కాబట్టి తనకేనేమో! ఊళ్ళోకి పరుగెత్తి అడిగితే ఒకరు కల్లు పొయ్యమన్నారు, ఒకరు కోడి రక్తమన్నారు, ఒకరు పానకమన్నారు. మూడూ సబబుగానే తోచాయి. జోగాచారితో పాటు మరో నలుగురు వెంటరాగా వెనక్కి వచ్చేసరికి అతని తల గానుగలా తిరుగుతోంది.

అతని భార్య దాలమ్మ మడుగులోంచి బిందె ముంచుకుని గట్టెక్కింది. ఆమె బిందె దించగానే ఒక తూనీగ వచ్చి, నీళ్ళలో మూడుసార్లు తోక ముంచి, ఇంజను తొట్టి అంచు మీద వాలింది. జరిగిందంతా విని దాలమ్మ నవ్వింది.

"దాహమంటే నీళ్ళు గదయ్యా ఇస్తారు? మీ మగోళ్ళకి కల్లు గుర్తొచ్చిందేటి!"

"వొద్దు దాలమ్మా, తుప్పట్టి చస్తాది!" అని జోగాచారి అడ్డు నిలిచాడు.

"ఇప్పుడేటి, లేడిపిల్లలా గెంతుతందా?"

కూర్మినాయుడు ఆ ఇద్దరి వంకా చూశాడు. జోగన్న మాటెప్పుడూ పొల్లుపోలేదు. దాలమ్మకు ఇంజనంటే ఏమిటో తెలియదు. అయినా ఊరికి మాట ఇచ్చింది జోగన్న కాదు, తనే. ఇనుము చల్లారిందో లేదో అరచేత్తో చూసుకుని, అడుగున ఉన్న మర తిప్పి ఆముదమంతా దించేశాడు.

"పొయ్యి" అన్నాడు, కళ్ళు మూసుకుని.

దాలమ్మ బిందెడూ పోసింది. నలుగురు పట్టి ఊపితే చక్రం కదిలింది. హ్యాండిలు తిప్పితే మళ్ళీ డుబుడుబుమంది. ఇంజను వేడినంతా లాక్కుని తొట్టిలో నీళ్ళు సలసల కాగి తగ్గినప్పుడల్లా ఆమె పోస్తూనే ఉంది. ఆరు రోజుల్లో ఊరి నాట్లన్నీ అయ్యాయి. ఖరగ్‌పూర్‌కు ఒక్క మూటా వెళ్ళలేదు. నీళ్ళు తాగి బతికే ఇనుమేమిటో జోగాచారికి చివరిదాకా అర్థం కాలేదు గాని, మర్నాటి నుంచి బిందె మోసింది ఆయనే.

మూడేళ్ళకు జపాను నుంచి ఒక ఇంజనీరు ఇంజను చూడడానికి వచ్చాడు. దాని ఒంటినిండా పసుపు, కుంకుమ. ఆయన తెల్లబోయాడు. తొట్టిలోకి తొంగిచూశాడు. అంచు దాకా తేట నీళ్ళు. తృప్తిగా తలూపి, రెండడుగులు వెనక్కి వేసి, నడుము దాకా వంగాడు.

ఆయన మొక్కింది అమ్మవారికా, ఊరివాళ్ళకా, తమ కార్ఖానా పనికా అన్నది గరువువలసలో ఇప్పటికీ తేలలేదు. నేటికీ నాట్ల మొదటి రోజున ఇంటికో బిందె నీళ్ళు తొట్టిలో పోసిన తర్వాతనే దీపం వెలిగిస్తారు. అలా పోసినవారి నారు ఎండదనీ, ఏమీ తోచక నిలబడిపోయినవారికి అమ్మ ఒక దారి చూపిస్తుందనీ పెద్దల మాట.

ఏ దారంటారా? నన్నడక్కండర్రా. లేవండి, అన్నం వేళయింది. ఇళ్ళకు పోయి ముందు కడుపునిండా తినండి.