పోలమ్మ దిగమింగిన ఏడుపు

విక్టోరియా మేడమ్‌ని ప్రశ్న అడిగి, ఆ పూటే జవాబు రాబట్టిన విద్యార్థిని ఆ నర్సింగ్ కాలేజీలో ఇంతవరకూ లేదు. అడిగింది శ్రద్ధగా వింటారు, కళ్ళజోడు తీసి పమిట చెంగుతో తుడుచుకుంటారు, "చూద్దాం లేమ్మా" అంటారు. చూద్దాం అంటే దాటవేయడమేనని కొత్తగా చేరిన పిల్లలు చాటుగా నవ్వుకునేవారు. కొన్నాళ్ళు పోయాక ఆవిడ తమని ఏ మంచం దగ్గరికో, ఏ గుమ్మం ముందుకో తీసుకెళ్ళి నిలబెడితే మాత్రం నవ్వు వచ్చేది కాదు.

చివరి సంవత్సరం చదువుతున్న వైదేహికీ అదే జరిగింది. వైదేహిది కోనసీమ. చదువులో ముందుండే పిల్ల, చెయ్యి మెత్తనిది. సూది ఆ అమ్మాయే వెయ్యాలని మారాం చేసే ముసలివాళ్ళు వార్డులో ఉండేవారు. ఆ రోజు పాఠం, రోగుల ఆచారాలూ నమ్మకాలూ తెలుసుకుని మసలుకోవడం గురించి. అంతా విని వైదేహి లేచి నిలబడింది. "మేడమ్, ఇదంతా నాకెందుకో అర్థం కావడం లేదండీ. నా పూజలూ పట్టింపులూ హాస్టల్ గదిలోనే ఉంటాయి. వార్డులో అందరినీ ఒకేలా చూస్తాను. అలాంటప్పుడు ఎవరి ఆచారం ఏమిటో ఆరా తీయడం దేనికి?" అంది. అది పొగరుతో అన్న మాట కాదు. నిజంగానే అలా మసలుకుంటున్నానని ఆ పిల్ల నమ్మకం.

మేడమ్ కళ్ళజోడు తుడుచుకున్నారు. "చూద్దాం లేమ్మా. ఆదివారం నేను కొత్తరేవు వెళ్తున్నాను, తాతారావు వాళ్ళమ్మని చూడ్డానికి. నువ్వూ రా."

తాతారావు పేరు వినగానే వైదేహికి మనసు బరువెక్కింది. దాని వెనకే కాస్త గర్వం లాంటిది కూడా కలిగింది. కొత్తరేవు సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఊరు. తాతారావు అక్కడి కుర్రాడు, పెళ్ళికి ఎదిగినవాడు. కిడ్నీలు పాడైపోయి మగవాళ్ళ వార్డులో చాలాకాలం ఉన్నాడు. తల్లి పోలమ్మ ఆ మంచం పక్కనే చాప పరుచుకుని, వాడు కళ్ళు తెరిచినప్పుడల్లా ఏదో ఒక కబురు చెబుతూ ఉండేది. కిందటి నెల ఒక మధ్యాహ్నం వాడికి ఎగశ్వాస పట్టింది. డాక్టరు చూసి, ఇంక చెయ్యగలిగింది లేదని తలాడించి వెళ్ళాడు. పోలమ్మ తల వెనక్కి వాల్చి, గుండెల మీద చరుచుకుని, గొంతెత్తబోయింది.

వైదేహి పరుగున వెళ్ళి ఆమె చేతులు పట్టుకుంది. "ఏడవకమ్మా. ఇప్పుడు నువ్వేడిస్తే నీ కొడుక్కి దారి దొరకదు. కన్నీళ్ళు అడ్డం పడతాయి. ప్రశాంతంగా పోనీ" అంది. కసరలేదు, పక్క మంచాలవాళ్ళకి ఇబ్బందని అనలేదు. తాతగారు పోయిన రోజున బామ్మ తనని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఎంత మెత్తగా చెప్పిందో అంత మెత్తగానూ చెప్పింది. పోలమ్మ ఆ అమ్మాయి ముఖంలోకి చూసి, చెంగు నోట్లో కుక్కుకుంది. వస్తున్నదాన్ని వచ్చినట్టే లోపలికి తోసేసుకుంది. కుర్రాడు చప్పుడు లేకుండా పోయాడు. వైదేహి వాడి కళ్ళు మూసింది. ఈ వృత్తిలో తాను చేసిన మంచిపని అంటూ ఒకటి ఉంటే అది ఇదేనని ఆ రోజు అనుకుంది.

అందుకే ఆదివారం బస్సులో కూర్చున్నంతసేపూ ఆ అమ్మాయి ఆలోచన ఒకటే. పోలమ్మ తనని గుర్తుపడుతుందా, గుర్తుపట్టి దగ్గర కూర్చోబెట్టుకుని నాలుగు మంచి మాటలు అంటుందా అని. మనిషన్నాక ఆ మాత్రం ఆశ ఉంటుంది. అందుకు ఎవరినీ తప్పుపట్టక్కర్లేదు.

కొత్తరేవులో బస్సు దిగి ఇసకలో నడిచి వెళ్ళేసరికి, పోలమ్మ తోటికోడలు అప్పయ్యమ్మ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. మేడమ్ అంతకు ముందే ఒకసారి వచ్చి వెళ్ళారు కాబోలు, ఆమె చేతులు కడుక్కుని నులకమంచం వాల్చింది. "ఎలా ఉందమ్మా మీ అక్క?" అని మేడమ్ అడిగారు.

అప్పయ్యమ్మ ఇంట్లోకి ఒకసారి తొంగిచూసి గొంతు తగ్గించింది. "ఏటి సెప్పమంటావమ్మా. అలాగే ఉంది. ఒక్క సుక్క రాల్సనేదు. ఆడి సవం ఇక్కడ దించిన కాడి నుంచీ ఎవులొచ్చి కావలించుకున్నా సెయ్యడ్డం పెట్టీసినాది. కన్నతల్లికే నేని ఏడుపు మనకేటని సుట్టాలు ముకాలు తిప్పుకుని ఎల్లిపోనారు. పోలమ్మ గుండె రాయని ఊరంతా అంటంది. ఆ మాటలు ఇంటాది, పలకదు."

ఆ ఊళ్ళో చావు ఏడుపుకి ఒక పద్ధతి ఉంది. తల్లి బతికి ఉంటే తల్లే ముందు ఎత్తుకోవాలి. బిడ్డ కడుపున పడ్డ నాటి నుంచీ మొదలుపెట్టి, వాడు పాకిందీ, అలిగిందీ, మొదటిసారి పడవెక్కి వాంతి చేసుకుందీ, అన్నీ పేరు పెట్టి పిలుస్తూ రాగం తీసి చెప్పాలి. ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగితే మిగతా ఆడవాళ్ళు అందుకుంటారు. పోయేవాడు తన బతుకంతా తల్లి నోట ఒకసారి విని మరీ వెళ్తాడని వాళ్ళు నమ్ముతారు. తల్లి ఎత్తుకోకపోతే ఇంకెవరూ ఎత్తుకోరు. ఇదంతా అప్పయ్యమ్మ అడక్కుండానే చెప్పింది. వింటూ వింటూ వైదేహి మంచం పట్టె గట్టిగా పట్టుకుంది. తాతారావు తన బతుకు వినకుండానే వెళ్ళిపోయాడు.

ఇంతలో పోలమ్మ గుమ్మంలోకి వచ్చింది. సగానికి సగం చిక్కిపోయింది. వైదేహిని చూడగానే మాత్రం ఆ ముఖం విప్పారింది. గబగబా వచ్చి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది, అచ్చం వైదేహి బస్సులో ఊహించుకున్నట్టే.

"నీకోసమే సూత్తన్నాను తల్లీ. నువ్వు సెప్పినట్టే సేసినాను. నాను ఏడవనేదు. ఎవుల్నీ ఏడవనివ్వనేదు. ఊరోళ్ళు నానా మాటలూ అన్నారు. అననీ, నా బిడ్డకి దారి దొరికితే సాలనుకున్నాను." చుట్టూ చూసి, ఇంకా దగ్గరికి జరిగింది. "ఆడు సేరిపోనాడా అమ్మా? సేరిపోతే, ఇంక నాను ఏడవొచ్చా?"

వైదేహి మేడమ్ వైపు చూస్తే ఆవిడ ఇసకలోకి చూస్తున్నారు. అవునని చెప్పేస్తే అయిపోయేది. చేరిపోయాడు, ఇంక ఏడవ్వచ్చు అంటే ఆ తల్లి నమ్మేది. కానీ ఆ అమ్మాయికి మళ్ళీ ఆమె చేత ఇంకొకటి నమ్మించడానికి ధైర్యం చాలలేదు.

"నాకు తెలీదమ్మా" అంది. "కన్నీళ్ళు అడ్డం పడతాయని మా ఇంట్లో అనేవారు. మా బామ్మ చెప్పింది. నేను అదే నీకు చెప్పాను. అంతకుమించి నాకేమీ తెలీదు."

పోలమ్మ చెయ్యి తీసేసుకోలేదు. ఆ చేతిని అలాగే పట్టుకుని, ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "మీ ఇంటి మాటా?" అంది చివరికి. "ఆస్పత్రి మాటనుకున్నాను తల్లీ."

అందులో నిష్ఠూరం లేదు. నిష్ఠూరం ఉంటే వైదేహి భరించగలిగేదేమో.

అప్పయ్యమ్మ వచ్చి పోలమ్మ వెనక కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. "ఎత్తుకో అక్కా. ఇంక నీకేటి అడ్డం? నానందుకుంటాను" అంది. పోలమ్మ తల వెనక్కి వాల్చింది. కళ్ళు మూసుకుంది. "నా కొడకా, తాతారావూ" అని రాగం తీసింది. గొంతు కాస్త పైకి లేచి, అక్కడే ఆగిపోయింది. మళ్ళీ తీసింది. మళ్ళీ పేరు దగ్గరే ఆగింది. ఆ తరవాతి మాట కోసం అప్పయ్యమ్మ ఊపిరి బిగబట్టి కూర్చుంది. పక్కింటి ఆడవాళ్ళు దడి అవతల నిలబడి చూశారు. పోలమ్మ కళ్ళు తెరిచి, "రాటం నేదే. ఇప్పుడు సెప్పినా ఆడికి ఇనపడదు కదా" అంది, మామూలుగా, వంట సంగతి చెప్పినట్టు.

అప్పుడు ఏడ్చింది వైదేహే. ముఖం చేతుల్లో పెట్టుకుని, వెక్కి వెక్కి, ఆపుకోలేక ఏడ్చింది. ఆ వాకిట్లో తాతారావు పేరున రాలిన మొదటి కన్నీళ్ళు అవే. పోలమ్మ ఆ అమ్మాయి తల తన భుజానికి ఆనించుకుని నిమిరింది గాని, ఏడవొద్దని మాత్రం అనలేదు.

పొద్దు వాలేముందు మేడమూ వైదేహీ బస్సు ఆగేచోటికి నడిచి వచ్చారు. రోడ్డు మీదికి వచ్చాక వైదేహి మెల్లగా అంది. "అది నా నమ్మకమని నాకే తెలీదు మేడమ్. లోకంలో అందరికీ అంతేననుకున్నాను."

దూరంగా బస్సు కనిపించింది. విక్టోరియా మేడమ్ దాన్ని ఆపమని చెయ్యెత్తి, ఆ అమ్మాయి వైపు తిరిగారు.

"నమ్మకాలని నీకు తెలిసినవన్నీ హాస్టల్లోనే వదిలి వచ్చావమ్మా. ఆ మాట నిజమే" అన్నారు.