కోలిన్ కలిపిన మజ్జిగ

అనపర్తి దాటాక కాలవ గట్టు పక్కన కోళ్ళ ఫారం నడిపే సూరారెడ్డికి, తనకు తెలిసిందే వైద్యమని, తను చెప్పిందే వేదమని గట్టి నమ్మకం ఉండేది. నమ్మకం ఉంటే ఉండనీ, ఎవరికి నష్టం? కానీ ఎదుటివాళ్ళని నోరు తెరవనిచ్చేవాడు కాదు. అక్కడే వచ్చింది చిక్కంతా.

నిజం చెప్పుకోవాలి కదా, పని మాత్రం బాగా తెలిసినవాడే. షెడ్డులో అడుగు పెట్టి పెట్టల అరుపు వింటే చాలు, నీళ్ళు అందలేదో, వేడి కొట్టిందో చెప్పేసేవాడు. దాణా బయట కొనేవాడు కాదు. మొక్కజొన్న, సోయా, తౌడు తెప్పించి తన కళ్ళ ముందే మిక్సరులో కలిపించేవాడు. అందులో కోలిన్ అనే విటమిన్ లాంటి పొడి తప్పకుండా వేయించేవాడు. గుడ్లు పెట్టే కోళ్ళకి లివర్‌లో కొవ్వు పేరుకుంటుంది. పొద్దున గుడ్డు పెట్టిన పెట్ట మధ్యాహ్నానికి కాళ్ళు చాపేస్తుంది. అలా జరక్కుండా ఆ కోలిన్ కాపాడుతుంది. గోధుమరంగు పొడి అది, దగ్గరికెళ్తే చేపల కంపు కొడుతుంది.

చుట్టుపక్కల ఫారాలవాళ్ళు ఆయన దగ్గరికి సలహాకి వచ్చేవారు.

"ఎంత వెయ్యమంటారండి?" అని అడిగేవారు.

"బరువు చూసి వెయ్యి. నాలుగు రోజులు ఆగు. గుణం కనబడకపోతే పెంచు" అనేవాడు సూరారెడ్డి.

వేల పెట్టలున్న చోట అలాగే నడుస్తుంది. పదో పాతికో పోయినా మంద నిలబడితే మందు పనిచేసినట్టే లెక్క.

ఇలా ఉండగా ఆయన భార్య చెల్లాయమ్మకి కుడిపక్క బరువుగా ఉంటోందని స్కాన్ తీయించారు. డాక్టరమ్మ రిపోర్టు చూసి, "లివర్‌కి కొవ్వు పట్టిందమ్మా" అంది.

ఆ మాట వినగానే ఇంకొకరైతే "అలాగా" అని ఊరుకునేవారు. సూరారెడ్డికి మాత్రం షెడ్డులో కాళ్ళు చాపేసిన పెట్టలు కనబడ్డాయి. భార్య అంటే ప్రాణం ఆయనకి. ఆ సంగతి ఆవిడకి ఏనాడూ చెప్పలేదనుకోండి, అది వేరే మాట.

"కంగారేమీ లేదు" అంది డాక్టరమ్మ. "అన్నం తగ్గించండి, తీపి మానండి, రోజూ నడవండి. బీపీ మాత్ర మాత్రం ఆపొద్దు. కొన్నాళ్ళాగి మళ్ళీ చూద్దాం."

"మరి దీనికి మందు రాయరా అండి?" అన్నాడు సూరారెడ్డి.

"ప్రస్తుతానికి నడకే మందండీ."

బయటికి వస్తూనే విరుచుకుపడ్డాడు. "నడకంట, నడక! ప్రాణం మీదికొస్తుంటే షికారు చెయ్యమంటుందేంటి? కోలిన్ మాటే ఎత్తలేదు చూశావా? నా ఫారంలో పనివాళ్ళకున్న తెలివి లేదు ఈవిడకి!"

"చదువుకున్నావిడ కదండీ, తెలీకుండా చెబుతుందా?" అంది చెల్లాయమ్మ మెల్లిగా.

"నువ్వూరుకో. నీకేం తెలుసు?"

దారిలో మందుల షాపు దగ్గర ఆగి కోలిన్ బిళ్ళలున్నాయా అని అడిగాడు. షాపువాళ్ళు ఒక సీసా తీసి ఇచ్చారు. దాని మీద రాసిన మోతాదు చదివి ఫక్కున నవ్వాడు. "అరడజను పెట్టలకి చాలదిది! మనిషికేం ఆనుతుంది?" అని సీసా తిరిగిచ్చేశాడు. పెట్ట బరువెంత, మనిషి బరువెంత అని ఫారంలో వేసే లెక్కే మనసులో వేసుకున్నాడు. ఇంటికెళ్ళాక ఫారానికి పోయి కోలిన్ బస్తా విప్పి, ఆ పొడి ఒక డబ్బాలో పోసుకుని తెచ్చుకున్నాడు.

చెల్లాయమ్మకి చెబితే తాగదు. ఆ కంపంటేనే ఆవిడకి కడుపులో తిప్పుతుంది. అందుకని చెప్పలేదు. పొద్దున్నే పొడిని నీళ్ళలో కలిపి, గుడ్డలో వడకట్టి, చిక్కటి మజ్జిగలో పోసేవాడు. వాసన తెలియకుండా అల్లం, నిమ్మరసం, కరివేపాకు దట్టంగా వేసేవాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మంచినీళ్ళు కూడా ముంచుకు తాగని మనిషి, తన కోసం మజ్జిగ చేసి గ్లాసు చేతికిస్తుంటే ఆ పిచ్చితల్లి పొంగిపోయింది.

"మీ చేతి మజ్జిగ అదోలా ఉంటుందండీ" అని నవ్వుతూనే గడగడా తాగేసేది.

కొన్నాళ్ళకి ఆవిడకి కడుపు చెడింది. కూర్చున్న చోటే చెమటలు పట్టేవి. లేస్తే కళ్ళు తిరిగేవి. సూరారెడ్డి అది చూసి, గుణం ఇంకా కనబడలేదనుకున్నాడు. కనబడకపోతే ఏం చెయ్యాలి? పెంచాలి. పెంచాడు! మండిపోదూ ఒళ్ళు ఇలాంటివి వింటే?

ఒకరోజు పొద్దున చెల్లాయమ్మ బీపీ మాత్ర వేసుకుంది, మొగుడిచ్చిన మజ్జిగ తాగింది, పెరట్లో బట్టలు ఆరేయడానికి వెళ్ళింది. తడిచీర దండెం మీద వేస్తూ అలాగే కూలబడిపోయింది. చప్పుడు విని సూరారెడ్డి పరుగెత్తాడు. ఒళ్ళు చల్లగా ఉంది, చెమటతో తడిసి ముద్దయింది. పిలిస్తే కళ్ళు సగం తెరిచి మళ్ళీ మూసింది. పక్కింట్లోంచి చెల్లాయమ్మ తమ్ముడు గంగిరెడ్డి, బావ కేక విని వచ్చాడు. ఇద్దరూ కలిసి ఆవిడని కారులో వేసుకుని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు.

డాక్టరమ్మ చూస్తూనే మంచం కాళ్ళవైపు ఎత్తు పెట్టించింది, సెలైన్ ఎక్కించింది. "బీపీ బాగా పడిపోయింది. ఏం జరిగింది? కొత్త మందులేమైనా వాడారా? పసరు, నాటు మందు, పొడి, ఏదైనా సరే."

గంగిరెడ్డి బావ వైపు చూశాడు. తన చిన్న ఫారాన్ని బావ సలహాల మీదే నడుపుకునే మనిషి అతను. ఆ చూపు ముందు సూరారెడ్డికి నిజం చెప్పబుద్ధి కాలేదు.

"ఆయ్, ఏమీ లేదండి" అన్నాడు.

చూశారా! అవతల కట్టుకున్న భార్య ప్రాణం ఊగిసలాడుతోంది, ఇవతల ఈయనకి పరువు అడ్డొచ్చింది.

సెలైన్ పోతూనే ఉంది, బీపీ మాత్రం లేవడం లేదు. డాక్టరమ్మ ముఖం మారింది. "గుండె దెబ్బతిందో, లోపల రక్తం పోతోందో తెలియడం లేదు. రాజమండ్రి పంపిద్దామంటే దారిలో ఏమవుతుందో చెప్పలేను. కారణం తెలిస్తే ఇక్కడే ఏదైనా చెయ్యగలను" అంది.

అప్పుడు సూది వేస్తున్న నర్సు ముక్కు చిట్లించింది. "పొద్దున్నే చేపలేమైనా తిన్నారా అమ్మా?"

చెల్లాయమ్మ కళ్ళు తెరవకుండానే గొణిగింది. "లేదమ్మా. కొన్నాళ్ళుగా ఒళ్ళంతా ఇదే నీచు వాసన. ఎన్నిసార్లు స్నానం చేసినా పోవట్లేదు. ఆయన ఏమనుకుంటారోనని దూరంగా పడుకుంటున్నాను."

ఆ వాసన సూరారెడ్డికి తెలియనే లేదు. పొద్దస్తమానం దాణా గదిలో అందులోనే ఉండే మనిషాయె.

డాక్టరమ్మ వంగి అడిగింది. "ఏం తాగారో చెప్పమ్మా. ఎవరేమిచ్చారు?"

"ఏమీ లేదండీ... మా ఆయన చేత్తో ఇచ్చే మజ్జిగ. అది మంచిదేనండీ. ఆయన్నేమీ అనకండి."

సూరారెడ్డి ఇక నిలబడలేకపోయాడు. మంచం పట్టె పట్టుకుని భోరుమన్నాడు. "నేనేనండీ! కోళ్ళ దాణాలో వేసే కోలిన్ పొడి మజ్జిగలో కలిపి పట్టాను. మొన్న ఇంకా పెంచాను. మా చెల్లాయమ్మని బతికించండమ్మా!"

"బావా!" అన్నాడు గంగిరెడ్డి.

డాక్టరమ్మ తిట్టడానికి కూడా ఆగలేదు. ఎంత పోశాడో, ఎన్నాళ్ళుగా పోశాడో గబగబా అడిగి తెలుసుకుంది. సెలైన్ వేగం పెంచింది, బీపీని లేపే మందు ఎక్కించింది, పక్కనే కూర్చుని చెయ్యి వదలకుండా నాడి చూస్తూ ఉంది. సూరారెడ్డి కళ్ళు భార్య ముఖం మీదే ఉన్నాయి. మధ్యాహ్నం దాటాక ఆవిడ పెదాలకి కాస్త రంగు వచ్చింది. "గండం గడిచింది" అంది డాక్టరమ్మ.

ఆ తర్వాత తిట్టింది. గట్టిగానే తిట్టింది. "కోలిన్ విషం కాదండీ. గుడ్డులోనే ఉంటుంది, ప్రతి ఒంటికీ కావాలి. కానీ హద్దు దాటితే చెమటలు, వాంతులు, నీచు వాసన, బీపీ పడిపోవడం! ఈవిడ అసలే బీపీ మాత్ర వేసుకునే మనిషి. రెండూ కలిసి నేలకేసి కొట్టాయి. పైగా అది కోళ్ళ కోసం చేసిన పొడి. మనుషులు తినడానికి చేసింది కాదు. ఒక్క మాట నన్ను అడిగి ఉండొచ్చు కదా?"

"తప్పయిపోయిందండి" అన్నాడు సూరారెడ్డి. ఆయన నోట ఆ మాట ఊళ్ళో ఎవరూ అంతకుముందు విని ఉండరు.

సాయంత్రం చెల్లాయమ్మ దిండుకి ఆనుకుని కూర్చుంది. భర్త వైపు చూసింది.

"నాకు ఒక్క మాట చెబితే ఏం పోయేదండీ?"

"చెబితే తాగవని..."

"తాగకపోతే తాగనని తెలిసేది కదా. నా ఒళ్ళు కాదా అది?"

"ఫారంలో వాటికి చెప్పి వేస్తామేంటే..." అనేసి, సూరారెడ్డి నాలిక్కరుచుకున్నాడు.

చెల్లాయమ్మ కోప్పడలేదు. "షెడ్డులో పది పోయినా మీకు మంద మిగిలే ఉంటుంది. ఇంట్లో నేనొక్కదాన్నే కదండీ."

సూరారెడ్డి ఆవిడ కాళ్ళ దగ్గర తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆవిడ ఆయన్ని ఓదార్చలేదు. ఓదార్చాలని నేనూ అనను.

ప్రేమ ఉన్నంత మాత్రాన వైద్యం వచ్చినట్టు కాదు. మంచి చేసేదైనా సరే, తెలిసినవాళ్ళని అడగకుండా, తీసుకునే మనిషికి చెప్పకుండా, మోతాదు మించి ఇస్తే అది ప్రాణం తీస్తుంది.